నాయిజ్ రిడక్షన్ డిఫాల్ట్ ఎంత పెట్టాలి? ఐఎస్ఓ బట్టి దానంతట అదే మారేలా చేసుకోవచ్చా?

కొత్తపేట_క్లిక్స్ | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మేం కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్ వైపు పెళ్లిళ్లు తీస్తుంటాం. రెండు కెమెరా బాడీలూ సోనీ ఏ7 3. తీసేదంతా రా ఫైల్స్ (కెమెరా ఏ మార్పూ చేయకుండా ఇచ్చేవి). ఎడిటింగ్ లైట్‌రూమ్ క్లాసిక్‌లో.

పెళ్లికూతుర్ని చేసే కార్యక్రమం పొద్దున ఎండలో ఉంటుంది, ఐఎస్ఓ (వెలుగు తక్కువైనప్పుడు పెంచే కెమెరా సెట్టింగ్) 100 సరిపోతుంది. అదే పెళ్లి ముహూర్తం అర్ధరాత్రి దాటాక వస్తుంది. ఫంక్షన్ హాల్లో 3200, 6400 తప్పదు. బరాత్ అయితే 12800 కూడా. దాంతో ఫోటోలో నాయిజ్, అంటే ఇసుక చల్లినట్టు గ్రెయిన్, కనిపిస్తుంది. ఇవన్నీ ఒకేసారి ఇంపోర్ట్ చేశాక ఒక్కో గుంపుకీ విడివిడిగా ల్యూమినెన్స్ (గ్రెయిన్ తగ్గించే) స్లైడర్ జరుపుకుంటూ కూర్చోవాల్సి వస్తోంది. నెట్‌లో దొరికే ప్రీసెట్లేమో (ముందే దాచిన సెట్టింగులు) అన్నిటికీ ఒకటే నంబర్ పెడుతున్నాయి, 40 లేదా 50. రాత్రి ఫోటోలకి అది బాగానే ఉన్నా, పగటి ఫోటోల్లో పట్టుచీర జరీ గీత అంతా చదునైపోతోంది. ఆల్బమ్ తెరవగానే పెళ్లికూతురి అమ్మగారు చూసేది చీరే కదా.

ఒక్కసారి డిఫాల్ట్ సెట్ చేసుకుంటే ఐఎస్ఓ బట్టి అదే మారే దారి ఉందా? ఉంటే ఏ నంబర్ల దగ్గర మొదలుపెట్టాలి?

వెలుగునీడ | రాత్రి 10:25

ఉంది తమ్ముడూ. లైట్‌రూమ్ క్లాసిక్‌లో 2020 నుంచి ఉంది కానీ మెనూల్లో లోపలెక్కడో ఉండటంతో చాలామంది చూడరు. కాస్త వివరంగా చెప్తా.

ముందు ఇప్పుడు నీ ఫోటోలకి ఏం పడుతోందో చూడు. నువ్వేమీ మార్చకపోతే అడోబ్ తన డిఫాల్ట్ వేస్తుంది. రా ఫైల్‌కి ల్యూమినెన్స్ 0, కలర్ 25. షార్పెనింగ్ అమౌంట్ 40, రేడియస్ 1, డీటెయిల్ 25, మాస్కింగ్ 0. అంటే గ్రెయిన్ తగ్గించడం సున్నా, షార్ప్ చేయడం 40. ఐఎస్ఓ 100 ఫోటోకి ఇది చక్కగా సరిపోతుంది. 6400 ఫోటోలో మాత్రం ఆ షార్పెనింగ్ వెళ్లి గ్రెయిన్‌నే పదును పెడుతుంది. చాలామంది కెమెరా బాగాలేదని అనుకునేది ఇక్కడే.

ఇప్పుడు పని. వేర్వేరు ఐఎస్ఓల్లో తీసిన ఫోటోలు నాలుగైదు ఎంచుకో. 100, 800, 1600, 3200, 6400, 12800, ఏవి దొరికితే అవి. ఎక్స్‌పోజర్ సరిగ్గా పడిన ఫోటోలే తీసుకో, ఇది ముఖ్యం. ఒక్కోదాన్ని 100 శాతం జూమ్‌లో చూస్తూ దానికి కావాల్సినంత నాయిజ్ రిడక్షన్, షార్పెనింగ్ పెట్టు. తర్వాత అన్నిటినీ కలిపి సెలెక్ట్ చేసి డెవలప్ మాడ్యూల్‌లో కొత్త ప్రీసెట్ చేయమను. ఆ డబ్బాలో కింద ఐఎస్ఓ అడాప్టివ్ ప్రీసెట్ అని ఒక టిక్ ఉంటుంది. ఒకే ఫోటో ఎంచుకుంటే అది పనిచేయదు, వేర్వేరు ఐఎస్ఓలవి కనీసం రెండు ఉండాలి. పైన ఉన్న టిక్‌లన్నీ తీసేసి నాయిజ్ రిడక్షన్, షార్పెనింగ్ మాత్రమే ఉంచు. వైట్ బ్యాలెన్స్, ఎక్స్‌పోజర్ లాంటివి పొరపాటున కూడా ఉండకూడదు, అవి ప్రతి ఫోటో మీదా పడతాయి.

నువ్వు ఇచ్చిన ఐఎస్ఓలకి నువ్వు పెట్టిన విలువలే పడతాయి. మధ్యలో ఉన్నవాటికి అదే లెక్కగట్టుకుంటుంది. నీ కింది హద్దు కంటే తక్కువ ఐఎస్ఓ వస్తే కింది విలువ, పై హద్దు దాటితే పై విలువ.

ఆఖరి మెట్టు: ప్రిఫరెన్సెస్‌లో ప్రీసెట్స్ ట్యాబ్‌కి వెళ్లు. అక్కడ రా డిఫాల్ట్స్ ఉంటుంది. కెమెరాకి విడిగా డిఫాల్ట్ పెట్టే భాగంలో ఏ7 3 ఎంచుకుని దానికి ఈ ప్రీసెట్ తగిలించు. ఇక ఇంపోర్ట్ చేసిన ప్రతి కొత్త ఫోటోకీ అదే పడుతుంది. పాత ఫోటోలు మారవు. మారాలంటే రీసెట్ కొట్టాలి, కానీ రీసెట్ కొడితే నీ మిగతా ఎడిటింగ్ కూడా పోతుంది, జాగ్రత్త.

ఇంకొకటి. ఇంపోర్ట్ విండోలో కుడివైపు డెవలప్ సెట్టింగ్స్ దగ్గర నన్ అని ఉండాలి. అక్కడ ఏదైనా పాత ప్రీసెట్ ఉంటే డిఫాల్ట్ బదులు అదే వచ్చి కూర్చుంటుంది.

పిట్టలదొర | రాత్రి 10:58

వెలుగునీడ అన్న చెప్పిన పద్ధతి సరైనదే. నేను అమీన్‌పూర్ చెరువు దగ్గర పక్షులు తీస్తాను, తెల్లవారుజామున ఐఎస్ఓ ఎప్పుడూ 4000 పైనే. నా అనుభవంలో ఇప్పుడు ఈ స్లైడర్లతో కుస్తీ పట్టాల్సిన అవసరమే లేదు. 2023లో లైట్‌రూమ్‌లో ఏఐ డీనాయిజ్ వచ్చింది. మొదట్లో ప్రతి ఫోటోకీ వేరే డీఎన్‌జీ ఫైల్ చేసేది, హార్డ్ డిస్క్ నిండిపోయేది. 2025లో ఆ బాధ కూడా తీరింది. ఈకల మీద ఒక్కో గీతా నిలబడుతుంది. స్లైడర్‌తో అది జన్మలో రాదు. డిఫాల్ట్ ల్యూమినెన్స్ 0 ఉంచి, ఐఎస్ఓ 1600 దాటినవాటికి ఏఐ కొట్టేయడమే.

నాట్యఛాయ | రాత్రి 11:12

దొరగారూ, పక్షి ఫోటోలు వందల్లోంచి పది ఎంచుకుని వాటికి డీనాయిజ్ కొట్టడం వేరు. పెళ్లి వేరు. వేలల్లో ఫోటోలు ఉంటాయి, మామూలు గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్‌కి అది రోజుల పని. కస్టమర్‌కి ఎంపిక కోసం మొదట పంపే ఫోటోలన్నిటికీ డిఫాల్ట్ కావాలి. ఆల్బమ్‌లోకి ఎక్కే ఫోటోలకి ఏఐ వాడుకోవచ్చు. రెండూ ఒకదానికొకటి పోటీ కాదు.

ఏఐ గురించి ఇంకో మాట. అమౌంట్ 50 దగ్గర మొదలవుతుంది. ముందు వరసలో ఉన్న మనిషి ముఖానికి అది బాగుంటుంది. వెనక వరసల్లో చిన్నగా కనిపించే ముఖాలు చూడండి, కళ్లూ పెదవులూ లేని గీతలు అక్కడక్కడ కల్పించేస్తుంది. గ్రూప్ ఫోటోల్లో తాతయ్యలూ అమ్మమ్మలూ ఉండేది వెనకే. వాళ్ల ముఖం వేరే మనిషి ముఖంలా మారితే ఆ ఇంట్లో ఆ ఫోటోకి విలువ లేదు. నేను 25, 30 మించి పోను. మిగిలిన కాస్త గ్రెయిన్ ఉంటే ఉండనీ.

ఇక అసలు ప్రశ్నకి. నేను ఎక్కువగా రవీంద్రభారతిలో కూచిపూడి, భరతనాట్యం కార్యక్రమాలు తీస్తాను. ఐఎస్ఓ అడాప్టివ్ ప్రీసెట్ వాడుతున్నాను, మేలే. కానీ దానికి ఒక హద్దుంది. ఆ ప్రీసెట్ చూసేది ఫైల్‌లో రాసి ఉన్న ఐఎస్ఓ నంబర్‌ని మాత్రమే. ఫోటోలో వెలుగు ఎంత పడిందో దానికి తెలియదు. స్టేజి మీద తెల్లటి స్పాట్‌లైట్ ముఖం మీద మాడిపోకూడదని నేను తక్కువ ఎక్స్‌పోజ్ చేస్తాను. ఐఎస్ఓ 800లో తీసి ఎడిటింగ్‌లో రెండు స్టాపులు (నాలుగింతలు) లేపితే, నాయిజ్ విషయంలో అది దాదాపు 3200 ఫోటోయే. ప్రీసెట్ మాత్రం 800 అనుకుని కొంచెమే తగ్గిస్తుంది. షాడోస్ స్లైడర్ లేపినా ఇదే సంగతి. అందుకే నా డిఫాల్ట్‌లో 800, 1600 దగ్గర విలువలు మామూలుగా పెట్టేదానికన్నా కొంచెం ఎక్కువ ఉంటాయి. కొత్తపేట తమ్ముడూ, మీరు ఎల్ఈడీ తెరలున్న స్టేజీల మీద తీస్తుంటే మీకూ ఇదే వస్తుంది. తెర మాడిపోకుండా చూస్తే ముఖం చీకట్లో పడుతుంది.

వెలుగునీడ | రాత్రి 11:30

అక్కా, చాలా మంచి మాట. నేనది చెప్పాల్సింది. దీని వెనక కారణం కూడా చెప్పుకోవాలి. గ్రెయిన్‌లో పెద్ద భాగం కెమెరా చేసేది కాదు, వెలుగుదే. వెలుగు కణాలుగా వస్తుంది, ఒక్కో పిక్సెల్‌లో పడే కణాల సంఖ్య అటూ ఇటూ ఊగుతుంది. వెలుగు నాలుగింతలైతే ఆ ఊగిసలాట రెండింతలే పెరుగుతుంది, కాబట్టి ఫోటో శుభ్రంగా కనిపిస్తుంది. ఐఎస్ఓ పెంచడం వల్ల నాయిజ్ వచ్చిందనుకుంటాం కానీ, వెలుగు తక్కువ పడటం వల్లే వచ్చింది. ఐఎస్ఓ నంబర్ మనకి ఒక ఆనవాలు మాత్రమే.

అందుకే ఒకే హాల్లో ఐఎస్ఓ 6400 పెట్టి సరిగ్గా ఎక్స్‌పోజ్ చేసిన ఫోటో, 1600 పెట్టి తర్వాత లేపిన ఫోటో కంటే చాలాసార్లు బాగుంటుంది, ఏం కాకపోయినా డిఫాల్ట్ సరిగ్గా పడుతుంది.

మూసీ_పిక్సెల్ | ఆదివారం, ఉదయం 7:05

ఏ7 3 అన్నారు కాబట్టి ఒక విషయం. ఆ సెన్సర్‌లో ఐఎస్ఓ 640 దగ్గర రెండో గెయిన్ (సిగ్నల్‌ని పెంచే రెండో మెట్టు) మొదలవుతుంది. నీడల్లో చూస్తే 500లో తీసిన ఫోటో కంటే 640లో తీసినది శుభ్రంగా ఉంటుంది. ప్రీసెట్‌కి ఈ మెట్టు తెలియదు. 100, 1600 మాత్రమే ఇస్తే మధ్యలో తిన్నగా గీత గీసేస్తుంది. 400కీ 640కీ విడిగా ఫోటోలు ఇవ్వండి. లేదా 320 నుంచి 500 దాకా అసలు వాడకండి, నేను అలాగే చేస్తాను. నికాన్ జెడ్6 వాళ్లకి ఈ మెట్టు 800 దగ్గర ఉంటుంది.

ఉప్పల్_ఓపెన్‌సోర్స్ | ఉదయం 8:20

లైట్‌రూమ్ చందా కట్టలేనివాళ్ల కోసం కూడా కొంచెం రాస్తాను. కొత్తగా ఫోటోగ్రఫీలోకి వస్తున్న పిల్లలు చాలామంది ఈ చర్చ చదువుతారు.

డార్క్‌టేబుల్ పూర్తిగా ఉచితం. అందులో డీనాయిజ్ ప్రొఫైల్డ్ అనే మాడ్యూల్ ఉంది. ఒక్కో కెమెరా సెన్సర్‌ని ఒక్కో ఐఎస్ఓ దగ్గర కొలిచి తయారుచేసిన నాయిజ్ ప్రొఫైల్స్ దాంట్లో ఉంటాయి. అంటే ఐఎస్ఓ బట్టి మారడం అనేది అక్కడ పునాదిలోనే ఉంది, మన ఫోటోకి సరిపోయే ప్రొఫైల్ అదే ఎంచుకుంటుంది. మనం చేయాల్సింది ఆ మాడ్యూల్‌ని ఆన్ చేసి, మన ఇష్టానికి సర్దుకుని, ప్రీసెట్‌గా దాచి, సరిపోలే ఫోటోలకి దానంతట అదే పడాలి అనే టిక్ పెట్టడం. అక్కడే కెమెరా మోడల్, లెన్స్, ఐఎస్ఓ ఎక్కడినుంచి ఎక్కడిదాకా అని అడుగుతుంది. 100 నుంచి 640 దాకా ఏమీ వద్దు, 640 నుంచి 3200 దాకా ఒకటి, ఆపైన ఇంకొకటి అని పెట్టుకోవచ్చు.

రాథెరపీ అనే ఇంకో ఉచిత సాఫ్ట్‌వేర్‌లో దీన్నే డైనమిక్ ప్రొఫైల్ రూల్స్ అంటారు. అక్కడా ఐఎస్ఓ, కెమెరా, లెన్స్ చూసి ప్రొఫైల్ పడుతుంది. ఒక్కటి గుర్తుంచుకోవాలి, రాథెరపీలో నాయిజ్ రిడక్షన్ ఫలితాన్ని 100 శాతం జూమ్‌లో చూడాలి. చిన్నగా పెట్టి చూసి పనిచేయడం లేదనుకుని స్లైడర్‌ని చివరిదాకా లాగేవాళ్లని చూశాను.

సైనిక్‌పురి_షట్టర్ | ఉదయం 8:41

డీఎక్స్ఓ ఫోటోల్యాబ్‌లో మరి? నాకు అందులో ల్యూమినెన్స్ 40 అని వస్తుంది. తగ్గించాలా?

వెలుగునీడ | ఉదయం 9:10

వద్దు. ఒక సాఫ్ట్‌వేర్‌లో 40కీ ఇంకోదాంట్లో 40కీ సంబంధం లేదు. డీఎక్స్ఓ కెమెరానీ ఐఎస్ఓనీ చూసుకుని తన పని సర్దుకుంటుంది, 40 అనేది దాని మామూలు బలం. ఐఎస్ఓ 100కీ 6400కీ అదే 40 ఉంచినా తప్పు లేదు. లైట్‌రూమ్ ల్యూమినెన్స్ మాత్రం ఏ ఐఎస్ఓ అయినా అంతే బలంతో పడుతుంది, అందుకే ఇన్ని తంటాలు. డీఎక్స్ఓలో తెరవగానే ఏ ప్రీసెట్ పడాలో ప్రిఫరెన్సెస్‌లో మార్చుకోవచ్చు. రా ఫైల్స్‌కి ఒకటి, జేపెగ్‌కి ఒకటి.

ఆల్బమ్_ల్యాబ్ | ఉదయం 10:34

నేను ప్రింటింగ్ వైపు మనిషిని. మీరంతా స్క్రీన్ మీద 100 శాతం జూమ్ గురించే మాట్లాడుతున్నారు. ఆల్బమ్ లెక్క కూడా చూడండి.

కరిజ్మా ఆల్బమ్ పరిచితే 12 బై 36 అంగుళాలు. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన అది 3600 బై 10800 పిక్సెల్స్. మీ ఏ7 3 ఫోటో 6000 బై 4000. ఒకే ఫోటోని మొత్తం షీట్‌కి పరిస్తే 1.8 రెట్లు సాగదీయాలి. అప్పుడు గ్రెయిన్ కూడా సాగుతుంది. అదే షీట్‌లో ఆరు ఫోటోలు పెడితే ఒక్కోటీ కుదించుకుపోతుంది, కుదించినప్పుడు పక్కపక్క పిక్సెల్స్ కలిసిపోయి గ్రెయిన్ చాలావరకు దానంతట అదే పోతుంది. ఇన్‌స్టాగ్రామ్‌కి 1080 పిక్సెల్స్ వెడల్పుకి దించితే ఐఎస్ఓ 6400 ఫోటోలో కూడా గ్రెయిన్ కోసం వెతుక్కోవాలి.

మా దగ్గరికి వచ్చే ఫైల్స్‌లో గ్రెయిన్ ఎక్కువైందని ప్రింట్ పాడైనవి తక్కువ. నాయిజ్ మరీ ఎక్కువగా తీసేసి ముఖం మైనం పూసినట్టు అయినవే ఎక్కువ. కాగితం మీద కాస్త గ్రెయిన్ ఉంటే చర్మం చర్మంలా ఉంటుంది. పూర్తిగా తీసేస్తే బుగ్గ మీద వెలుగు నీడల మధ్య మెట్లు పడతాయి, గోడల మీదా అంతే. ఫోటోగ్రాఫర్లకి నా మనవి, డిఫాల్ట్ ఎప్పుడూ తక్కువ వైపే పెట్టండి. తీసేసిన వివరాన్ని మేం ప్రింట్‌లో తిరిగి తేలేం.

నాట్యఛాయ | ఉదయం 10:50

పైన ల్యాబ్ వారు చెప్పింది ప్రతి కొత్త ఫోటోగ్రాఫర్ చదవాలి.

జరీ గురించి అడిగారు కదా, కలర్ స్లైడర్ గురించి ఎవరూ రాయలేదు. జరీ పోవడానికి ల్యూమినెన్స్ ఒక్కటే కారణం కాదు. కలర్ నాయిజ్ 25 దాకా ఇబ్బంది లేదు. 60, 70కి తీసుకెళ్తే సన్నటి రంగు గీతలు పక్కరంగులో కలిసిపోతాయి. ఎర్ర అంచులో పచ్చ దారం, గద్వాల చీర అంచు మీద సన్నటి బుట్టాలు, పోచంపల్లి ఇక్కత్‌లో రెండు రంగులు కలిసే చోటు, అన్నీ బురదరంగులోకి వస్తాయి. నేత అందం అంతా ఆ రంగులు కలిసే చోటే కదా. ఐఎస్ఓ 6400కి కూడా నేను కలర్ 30 దాటించను.

ల్యూమినెన్స్ కింద డీటెయిల్ అని ఇంకో స్లైడర్ ఉంది, అది 50లో ఉంటుంది. బట్టల నేత కనబడాలంటే దాన్ని 60, 65కి పెంచండి. కాస్త గ్రెయిన్ మిగులుతుంది, నేత కూడా మిగులుతుంది.

పిట్టలదొర | ఉదయం 11:15

అక్క చెప్పాక నిన్నటి పోస్ట్ మళ్లీ చదివాను. వేల ఫోటోలకి ఏఐ కుదరదన్న మాట ఒప్పుకుంటాను. మా పనిలో మేం ఎంచుకున్నాకే ఎడిట్ చేస్తాం, మీ పని అలా కాదు. షార్పెనింగ్ మాస్కింగ్ గురించి మాత్రం నేను చెప్పాలి. డిఫాల్ట్ 0 అంటే ఫోటో మొత్తం షార్ప్ అవుతుంది, ఖాళీ ఆకాశం, వెనక మసక కూడా. గ్రెయిన్ ముందు కనబడేది అక్కడే. ఆల్ట్ కీ నొక్కిపట్టి మాస్కింగ్ జరిపితే స్క్రీన్ నలుపు తెలుపుగా మారుతుంది, తెల్లగా ఉన్నచోటే షార్పెనింగ్ పడుతుంది. చీర అంచు, నగలు, కనురెప్పలు తెల్లగా, బుగ్గలూ వెనక గోడా నల్లగా అయ్యేదాకా జరపండి. ఐఎస్ఓ పెరిగేకొద్దీ మాస్కింగ్ పెంచుతూ అదే ప్రీసెట్‌లో పెట్టేయొచ్చు. ఇది ఒక్కటి సరిచేసుకుంటే ల్యూమినెన్స్ సగానికి తగ్గించినా సరిపోతుంది.

కొత్తపేట_క్లిక్స్ | రాత్రి 8:15

అందరికీ చాలా థాంక్స్. పొద్దుటి నుంచి కూర్చుని చేశాను. పాత పెళ్లి ఫైల్స్‌లోంచి ఏడు ఐఎస్ఓలకి ఫోటోలు తీసుకున్నా, 400, 640 విడిగా పెట్టా. ప్రస్తుతానికి నా నంబర్లు ఇవి: 640 దాకా ల్యూమినెన్స్ 0, ఒక్క 400కి మాత్రం 5. 1600కి 10, 3200కి 15, 6400కి 22, 12800కి 32. డీటెయిల్ అన్నిటికీ 60. కలర్ 25 నుంచి మొదలై చివర్లో 30. మాస్కింగ్ 100 దగ్గర 10, 12800 దగ్గర 70. షార్పెనింగ్ అమౌంట్ పైకి వెళ్లేకొద్దీ 40 నుంచి 25కి తగ్గించా.

తలంబ్రాల ఫోటోలు చూస్తే తేడా బాగా తెలుస్తోంది. 40 పెట్టినప్పుడు గాల్లో ఉన్న బియ్యపు గింజలు ముద్దలుగా కనిపించేవి, ఇప్పుడు గింజకి గింజ విడిగా ఉంది.

రెండు సందేహాలు మిగిలాయి. ఒకటి, మా తమ్ముడు ఫోన్‌తోనూ పాత కెమెరాతోనూ జేపెగ్‌లు తీస్తాడు, వాటికి ఈ డిఫాల్ట్ పడట్లేదు. రెండు, కొత్త పెళ్లికి కొత్త క్యాటలాగ్ (లైట్‌రూమ్‌లో ఫోటోల జాబితా ఫైల్) తెరిస్తే ఈ ప్రీసెట్ లిస్ట్‌లో కనబడట్లేదు.

మూసీ_పిక్సెల్ | రాత్రి 8:32

జేపెగ్‌కి పడదు, అది రా ఫైల్స్‌కే. జేపెగ్‌లో కెమెరానే నాయిజ్ తగ్గించి, షార్ప్ చేసి ఇస్తుంది కాబట్టి లైట్‌రూమ్ కూడా అన్నీ సున్నా దగ్గరే ఉంచుతుంది. అలా వదిలేయడమే మంచిది. ఆ పాత కెమెరా మెనూలో హై ఐఎస్ఓ ఎన్ఆర్ (నాయిజ్ రిడక్షన్) ఉంటే లో అని పెట్టండి, అసలు మార్పు అక్కడే వస్తుంది. మరీ గ్రెయిన్ ఉన్న జేపెగ్‌లకి నీట్ ఇమేజ్ అనే సాఫ్ట్‌వేర్ ఇప్పటికీ బాగా పనిచేస్తుంది. ఫోటోలో ఏ వివరమూ లేని చదునైన చోటు, గోడ లాంటిది, చూపిస్తే అక్కడి నాయిజ్‌ని కొలిచి ప్రొఫైల్ చేసుకుంటుంది. చీర మీద మాత్రం ఆ చోటుని చూపించే గడి పెట్టకండి, నేతని కూడా నాయిజ్ అనుకుంటుంది.

వెలుగునీడ | రాత్రి 8:50

రెండోది చిన్న విషయం. ప్రిఫరెన్సెస్‌లో ప్రీసెట్స్ ట్యాబ్‌లోనే, ప్రీసెట్లని ఈ క్యాటలాగ్‌తో పాటే దాచు అనే టిక్ ఉంటుంది. నీకు అది పెట్టి ఉన్నట్టుంది. తీసేస్తే ఆ క్యాటలాగ్ లోపల ఉన్న ప్రీసెట్ బయటికి దానంతట అదే రాదు, కాబట్టి ముందు పాత క్యాటలాగ్‌లో ప్రీసెట్ మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌పోర్ట్ చెయ్యి. తర్వాత టిక్ తీసేసి ఇంపోర్ట్ చేసుకో. ఆ ఎక్స్‌పోర్ట్ ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లో ఉంచు, ఇంకో కంప్యూటర్‌లో ఎడిట్ చేసేవాళ్లు ఉంటే వాళ్లకీ ఇవ్వొచ్చు. అక్కడ రా డిఫాల్ట్స్‌లో కెమెరాకి మళ్లీ తగిలించాలి. రెండు ఏ7 3లలో ఒకదాని సెన్సర్ ఎక్కువ గ్రెయిన్ ఇస్తోందని ఎప్పుడైనా అనిపిస్తే, అక్కడే సీరియల్ నంబర్ చూపించే టిక్ కూడా ఉంది, ఒక్కో బాడీకి విడిగా పెట్టుకోవచ్చు.

కొత్తపేట_క్లిక్స్ | రాత్రి 9:06

టిక్ ఉంది అన్నా, తీసేశా. ఎక్స్‌పోర్ట్ చేసి మళ్లీ ఇంపోర్ట్ చేస్తే కొత్త క్యాటలాగ్‌లో కనిపిస్తోంది. రేపు రాత్రి నాగోల్‌లో రిసెప్షన్ ఉంది, ఆ ఫైల్స్ ఇదే డిఫాల్ట్‌తో ఇంపోర్ట్ చేసి 3200, 6400 క్రాప్‌లు ఇక్కడ పెడతాను. ల్యాబ్ సార్, ఒక 12 బై 36 షీట్ మీకు పంపిస్తే ప్రింట్ చేసి చూసి చెప్తారా?

ఆల్బమ్_ల్యాబ్ | రాత్రి 9:20

తప్పకుండా పంపండి. ఒకే ఫోటోని రెండుసార్లు పంపండి, ఒకటి ఈ డిఫాల్ట్‌తో, ఇంకొకటి ల్యూమినెన్స్ సున్నాతో. ఎస్ఆర్‌జీబీ కలర్ ప్రొఫైల్‌లో, 300 డీపీఐలో, పూర్తి సైజులో సేవ్ చేయండి. పక్కపక్కన ప్రింట్ వేసి రెండూ మీకే ఇస్తాను.